నలభై స్తంభాల ఇల్లు

మా లంకలో ఇళ్ళు నడుస్తాయండి. అబద్ధమాడితే గోదారమ్మ మీదొట్టు.

నడుస్తాయంటే వాటికి కాళ్ళున్నాయని కాదు, మాకున్నాయి. గోదారి మా గవ్వలంకని పడమటి పక్క కోసుకు తింటుంది. తిన్నదంతా తీసుకెళ్ళి తూర్పు పక్క మేటేస్తుంది. నిద్రలో మనిషి మంచం ఈ చివర్నుంచి ఆ చివరికి దొర్లినట్టు లంక ఏడాదికింత తూర్పుకి దొర్లుతుందన్నమాట. అది దొర్లాక మేం జరక్కపోతే ఎట్లా? అందుకని పడమటి వరసలో ఉన్న ఇల్లు ఐదారేళ్ళకోసారి లేచి తూర్పు చివరికెళ్ళి కూచుంటుంది. తాత ముత్తాతల కాణ్ణించీ ఇదే వరస.

పద్ధతి తేలికే. ముందు తడికలు విప్పేస్తాం. తాటాకు కప్పు కింద నలభై మంది మగాళ్ళు భుజాలు పెడతారు. రాటల కట్లు కోసి, రాటలు పీకి, ఆడాళ్ళు వాటిని మోసుకుని ముందెళ్ళిపోతారు. కొత్త చోట గోతులు తీసి పాతేస్తారు. వెనకాల మగాళ్ళు కప్పు తెచ్చి వాటిమీద దించుతారు. పొద్దున్న చద్దన్నం పాతచోట తింటే మధ్యాన్నం వేడన్నం కొత్తచోట. అయితే నలభై అంటే నలభై భుజాలూ ఉండాలండి. ముప్ఫైతొమ్మిదితో లేపారా, వాసాలు పటపట ఇరిగిపోతాయి.

నా పని మొయ్యడం కాదు, కేకెయ్యడం. నా పేరు బొక్కా భూషణం. కేకల భూషణం అంటే గానీ ఎవరూ గుర్తుపట్టరు. నేను "హైలెస్సా" అంటే ఎనభై కాళ్ళు ఒక్కసారి లేవాలి. "హో" అంటే ఒక్కసారి ఆగాలి. మధ్యలో ఎవడూ సొంత తెలివి వాడకూడదు. వాడాడో, కప్పు పక్కోడి మెడమీద పడుద్ది. ఈ ఒక్క ముక్కా పుట్టినప్పట్నించీ మా వాళ్ళ ఒంట్లో ఇంకిపోయింది.

మొన్న ఫాల్గుణంలో మా బామ్మర్ది అబ్బులు ఇల్లు జరుపుతున్నాం. కప్పు భుజాలకెక్కింది. ఆడాళ్ళు రాటలెత్తుకుని అప్పటికే వెళ్ళిపోయారు. నేను గొంతు సవరించుకుని కేకేసేలోగా, రేవులో పంటు దిగి ఇద్దరు పెద్దమనుషులు ఇసకలో పడుతూ లేస్తూ పరిగెత్తుకొచ్చారు.

"ఆగండి! ఆగండి! ఎవ్వరూ కదలొద్దు!"

ఎవరైనా పోయారేమో, కబురు తెచ్చారనుకున్నాం.

ముందున్నాయన ప్రాంతీయ వాస్తుశైలీ వికాస మండలి డైరెక్టరు విశ్వంభరం గారు. వెనకాల టేపు పట్టుకుని రొప్పుతున్నాయన ఓవర్సీరు జోగారావు గారు. సంగతేంటంటే, ప్రతి ప్రాంతానికీ ఒక సొంత వాస్తుశైలి ఉండి తీరాలని పైనించి ఉత్తర్వొచ్చిందంట. కొండలకి దొరికింది, మెట్టకి దొరికింది, సముద్రం ఒడ్డుకీ ఎలాగో దొరికించుకున్నారు. ద్వీప ప్రాంతం అన్న గడి మాత్రం ఖాళీగా ఉండిపోయింది. నెలాఖరులోగా అది నింపకపోతే మండలినే ఎత్తేస్తామన్నారంట. అదీ వాళ్ళ పరుగు.

విశ్వంభరం గారు మా కప్పు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి గుండెమీద చెయ్యేసుకున్నారు.

"జీవ స్తంభాలు! జోగారావూ, రాసుకో. ఏమయ్యా, ఈ నిర్మాణానికి స్తంభాలెన్ని?"

నన్నే అడిగారు. ఎంతమంది మోస్తున్నారని అడుగుతున్నారనుకున్నాను నేను. "నలభై అండి."

"స్తంభానికీ స్తంభానికీ మధ్య ఎడం?"

"మూరెడండి. ఇంకా దగ్గరైతే కాలూ కాలూ తగులుకుంటాయి."

"కాలు అంటే పీఠభాగం," అని ఆయన ఓవర్సీరుకి అర్థం చెప్పారు.

జోగారావు గారు ముందు వరసలో మోస్తున్న మా దానియేలు పాదం దగ్గర టేపు పెట్టి భుజం దాకా లాగారు. "నాలుగడుగుల తొమ్మిదంగుళాలు సార్. దీని పక్కది అంగుళం తక్కువుంది."

"అసమాన స్తంభ విన్యాసం. అది లోపం కాదు, లక్షణం."

దానియేలుకి టేపు చంకలో చక్కిలిగింత పెట్టింది. కిసుక్కున నవ్వి "అయ్యా, నేను దానియేల్నండి" అన్నాడు.

"సార్, స్తంభం మాట్లాడుతోంది," అన్నారు జోగారావు గారు.

"రాసుకో," అన్నారు డైరెక్టరు గారు.

గంటన్నరండి! గంటన్నర పాటు నెత్తిన ఎండ, భుజాన ఇల్లు పెట్టుకుని మా వాళ్ళు కొలతలిచ్చారు, ఫొటోలిచ్చారు. మెడ నరాలు తాళ్ళలా తేలినయ్. నాకు ఒళ్ళు మండిపోయింది. "బాబూ, ఇది ఇల్లు కాదండి, ఇల్లు మోసుకెళ్ళడవండి. ఇంకాసేపటికి దించేస్తాం" అని చెప్పబోయాను.

విశ్వంభరం గారు జాలిగా నవ్వారు. "స్థానికులకు తమ శైలి గురించి తెలియకపోవడమే ఆ శైలి ప్రాచీనతకు నిదర్శనమయ్యా. నువ్వు కంగారుపడకు, మేమున్నాం."

పంటు కూతేసేసరికి ఇద్దరూ రేవుకి పరిగెత్తారు. మేం కప్పుని తీసుకెళ్ళి రాటల మీద దించడం వాళ్ళు చూళ్ళేదు. చూస్తే ఈ కథే లేదు.

ఉగాది వెళ్ళిన పదోనాడు పంచాయతీకి ఒక పుస్తకం వచ్చింది. నున్నటి కాయితం, అట్టమీద మా దానియేలు చంక. మా ఆవిడ తాయారు పదో తరగతి దాకా చదివింది కాబట్టి అరుగు మీద కూచుని అందరికీ చదివి వినిపించింది.

"'ద్వీప శైలి యొక్క ప్రధాన లక్షణం మానవ స్తంభ వ్యవస్థ. ఇందు గృహభారమును నలుబది మంది నివాసితులు నిరంతరము భుజములపై వహింతురు. స్తంభములు స్వేదమును స్రవించుట వలన గృహము సహజముగా చల్లబడును. గోడలు లేకుండుట గాలికొరకు. ద్వీపవాసులు ఎప్పుడు నిద్రింతురన్నది ఇంకను పరిశోధింపదగిన అంశము.'"

"ఏడిసినట్టుంది," అంది తాయారు పుస్తకం మూసి. "ఇల్లు మోసేవాడు ఇంట్లో ఎప్పుడుంటాడంటా?"

అందరం పడీపడీ నవ్వాం. నవ్వకుండా ఉండాల్సిందండి. ఎందుకంటే వైశాఖంలో ఉద్యోగాలు పడ్డాయి.

ఏటి అవతల పట్నంలో, రేవుకి రెండు మైళ్ళ దూరంలో, మండలి వాళ్ళ ఆవరణలో ద్వీప శైలి నమూనా గృహం కడుతున్నారంట. కప్పు తయారైంది. స్తంభాలు కావాలి. ప్రకటనలో వివరంగా వేశారు. మూలస్తంభం పోస్టులు నాలుగు, సాధారణ స్తంభం పోస్టులు ముప్ఫైఆరు. అభ్యర్థి లంకలో పుట్టి ఉండాలి. బీటలూ పగుళ్ళూ లేవని డాక్టరు సర్టిఫికెట్టు తేవాలి. ఒకపక్కకి ఒరిగే అలవాటు ఉండరాదు. పదవీ విరమణ వయసన్నది లేదు, శిథిలమయ్యే వరకూ కొలువే.

గవర్నమెంటు ఉద్యోగమండి! ఎవడు కాదంటాడు? మా నలభై మందీ ఎగేసుకుని వెళ్ళారు, నలభై మందికీ వచ్చినయ్. అబ్బులు భుజం కొలిచి వాణ్ణి ఏకంగా నైరుతి మూలస్తంభం చేశారు. పెళ్ళి చూపుల్లో "కుర్రాడేం చేస్తాడండీ" అంటే "గవర్నమెంటు స్తంభమండి" అని చెప్పుకోవడం మొదలెట్టారు. విన్నవాళ్ళు కుర్చీలో సర్దుకుని కూచునేవారు.

నన్ను మాత్రం తీసుకోలేదు. నా భుజం మీద మోసి మోసి కాసిన కాయ లేదంట. "కేకలేస్తానండి" అంటే జోగారావు గారు దస్త్రం తిరగేసి, "ధ్వనికి పోస్టు మంజూరు కాలేదు" అన్నారు.

పోనీలే అని తిరిగొచ్చాను. లంకలో ఆడాళ్ళూ, ముసలాళ్ళూ, గేదెలూ, నేనూ మిగిలాం. ఆషాఢంలో గోదారికి వరద ఎర్రనీరు దిగింది. ఒకరోజు పొద్దున్నే తాయారు గేదెకి కుడితి పెట్టొచ్చి గుమ్మంలో నిలబడిపోయింది.

"ఏవయ్యా, మన పెరట్లో చింతచెట్టేదీ?"

చూస్తే లేదు. చెట్టుండాల్సిన చోట గోదారుంది. మా ఇల్లే ఇప్పుడు పడమటి వరసలో చివర్ది. బారలేసి చూశాను. ఒడ్డుకీ మా తడికకీ మధ్య పద్దెనిమిది బారలు. ఆ ఇంట్లోనే తాయారు కాపురానికొచ్చింది, ఆ ఇంట్లోనే మా పిల్ల పుట్టింది. ఆ కప్పుకి నేనే ఎంచి తెచ్చిన వాసాలు. అది పోతే మళ్ళీ కట్టే ఓపిక నాకు లేదండి, ఉన్నదున్నట్టు చెప్తున్నాను.

"జరపాలి," అన్నాను.

"ఎవరు?" అంది తాయారు.

నిజమే కదా. కేక నా దగ్గరుంది. భుజాలు పట్నంలో ఉన్నయ్.

మర్నాడు పట్నం వెళ్ళాను. మండలి గేటు దాటేసరికి నలభై మందీ కప్పు కింద నిలబడున్నారు. పాదాలకి జేగురు రంగు పూశారు, నడుముకి సున్నం పట్టీ. ఒక్కొక్కడి ఛాతీ మీద ఒక నంబరు. పక్కనే బోర్డు, "స్తంభములపై వ్రాయరాదు, ఆనుకొనరాదు." కొత్తగా పెళ్ళైన జంట ఒకటి అబ్బులుకి చేరగిలబడి ఫొటో దిగుతున్నారు. వాడి వీపు మీద ఎవడో సుద్దముక్కతో రెండు పేర్లు రాసి మధ్యలో బాణం గీశాడు.

సాయంత్రం అయిదింటికి కప్పుని ఇనప గుర్రాలనే స్టాండ్ల మీద పెట్టి స్తంభాలు భోజనానికి వెళ్ళొచ్చంట. అయితే ఇనప గుర్రాలు శైలికి విరుద్ధం కాబట్టి అవి రికార్డులో లేవు. రికార్డు ప్రకారం మా వాళ్ళు వైశాఖం నించీ తిండి తినలేదు.

"ఎలా ఉందిరా?" అన్నాను అబ్బులు దగ్గరకెళ్ళి.

"మాట్లాడకూడదు బావా," అన్నాడు పెదాలు కదపకుండా. "మొన్న పదిహేడో నంబరు తుమ్మితే మెమో ఇచ్చారు."

పదిహేడో నంబరు దానియేలు. జలుబు చేసిందని సంజాయిషీ రాసిచ్చాడంట. "స్తంభమునకు జలుబు చేయదు, చెమ్మ దిగును. తగు భాషలో మరల సమర్పించవలెను" అని తిప్పి పంపారంట.

"ఒరే, మా ఇల్లు ఏట్లోకి పోతోందిరా. ఒక్కపూట రండి. పొద్దున్నొచ్చి మధ్యాన్నానికి పోదురు గాని."

అబ్బులు నావంక చూళ్ళేదు. కప్పు అంచువంక చూశాడు. "ప్రొబేషన్లో ఉన్నాను బావా."

నాకు చెంపమీద కొట్టినట్టయింది. వాడి ఇల్లు మూడుసార్లు జరిపిన కేక నాది. వాడి పెళ్ళికి పందిరి నేనేశాను. గొంతులోకి బూతొచ్చింది, మింగేసి డైరెక్టరు గారి గదిలోకి వెళ్ళాను.

విశ్వంభరం గారు నేను చెప్పిందంతా ఓపిగ్గానే విన్నారు. "అంటే నలభై స్తంభాలకూ ఒకేసారి సెలవు అడుగుతున్నావు. జోగారావూ, నిబంధన?"

"ఏకకాలంలో రెండు స్తంభాలకు మించి సెలవు ఇవ్వరాదు సార్. అవి ఒకే పక్కవి కారాదు."

"విన్నావు కదా. పైగా ఇంకో చిక్కు. నువ్వు అడిగేది నీ ఇంటి కోసం. నీ ఇంటిని ఎందరు మోస్తున్నారు?"

"ఇప్పుడెవరూ మొయ్యట్లేదండి. అందుకే కదా వచ్చాను."

"అయితే అది ద్వీప శైలి గృహం కాదు," అన్నారాయన చాలా బాధగా. "శైలి కాని గృహానికి శైలికి చెందిన స్తంభాలను మండలి ఎలా కేటాయిస్తుందయ్యా? రేపు ఆడిట్‌లో నన్నడుగుతారు."

"పోనీ శైలిలోకి మార్చండి బాబూ."

"తప్పకుండా. దరఖాస్తు పెట్టుకో. నలభై మంది మోస్తూ ఉండగా ఫొటో తీసి జతచెయ్యి. వెంటనే రక్షిత గృహంగా ప్రకటిస్తాం."

"ఆ నలభై మందీ మీ దగ్గరే ఉన్నారు కదండీ!"

"అవును. ఆ కారణం చేత నీ గృహం అర్హత కోల్పోతోంది. చూశావా, సమస్య ఎంత స్పష్టంగా ఉందో," అన్నారు.

నేను తెగించాను. "అయ్యా, లంకే కొట్టుకుపోతే మీ లంక శైలి ఏమవుద్దండి?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పిచ్చివాడా! లంకలు పోతాయి, వస్తాయి. శైలిని మేం భద్రపరిచాం. నువ్వు నిశ్చింతగా ఇంటికి వెళ్ళు."

ఇంటికెళ్ళాను. ఇల్లింకా ఉంది. పదమూడు బారలు.

ఆ తర్వాత నేను మరో మూడుసార్లు వెళ్ళాను, మూడుసార్లూ జోగారావు గారు నన్ను టేపుతో కొలిచి పంపేశారు. ఆయన చేతికి అదలవాటైపోయింది పాపం. శ్రావణం వచ్చేసరికి తొమ్మిది బారలకొచ్చింది. తాయారు సామాన్లు మూటలు కట్టి తూర్పున చెల్లెలింట్లో పెట్టేసింది. మనుషులం మాత్రం ఇంట్లోనే పడుకున్నాం. మనుషులు లేకపోతే ఇల్లు తొందరగా పోతుందని మా వాళ్ళకో నమ్మకం.

అప్పుడు మండలే నన్ను పిలిచింది. శుక్రవారం నాడు మంత్రిగారొచ్చి నమూనా గృహానికి రిబ్బను కత్తిరిస్తారు. ఉద్యోగాలప్పుడు నేనన్న కేక మాట పట్టుకుని పుస్తకం రెండో కూర్పులో "ప్రాచీన ధ్వని లక్షణము" అని ఒక ముక్క వేసుకున్నారంట, మంత్రిగారు అది చదివి ఆ ధ్వని వినాలన్నారంట. ధ్వనికి పోస్టు లేదు కాబట్టి ఆ ఒక్క పూటకి నన్ను అతిథి ధ్వనిగా తీసుకున్నారు.

"రిబ్బను తెగగానే ఒక్కసారి అరవాలి," అని జోగారావు గారు చెప్పారు. "స్తంభాలు కదలకూడదు. అర్థమైందా?"

"నాకర్థమైందండి," అన్నాను.

శుక్రవారం పొద్దున్న నేను పంటెక్కుతుంటే తాయారు ఒడ్డుని చూస్తూ నిలబడింది. "అయిదు బారలు," అంది. సభ మొదలయ్యాక నా జేబులో ఫోను మోగింది. చెవికి పెట్టుకుంటే తాయారు గొంతు కాదు, ఏడుపు వినపడింది. "మూడు బారలయ్యా! కట్లు కోసేశాం. తడికలు ఊడదీసేశాం. మేం ఆడాళ్ళం పాతికమందిమి ఉన్నాం, లేపలేకపోతున్నాం. వస్తావా రావా?"

వేదిక మీద విశ్వంభరం గారు మాట్లాడుతున్నారు. "ఈ గృహం కదలని విశ్వాసానికి ప్రతీక. యుగాలుగా ఈ స్తంభాలు ఒక్క అడుగు కూడా..."

మంత్రిగారు రిబ్బను కత్తిరించారు. అందరూ నావంక చూశారు.

నేను అబ్బులు వంక చూశాను. వాడు మొదట కళ్ళు దించుకున్నాడు. నా మొహంలో ఏం కనపడిందో ఏమో, మళ్ళీ ఎత్తాడు. మెల్లిగా కప్పుని ఎడమ భుజం మీంచి కుడి భుజానికి మార్చుకున్నాడు. నడవబోయే ముందు మా వాళ్ళు చేసే పని అది.

నేను కేకేశాను. మా తాత దగ్గర నేర్చుకున్న నడక కేక, కడుపులోంచి.

"హైలెస్సా!"

ఎనభై కాళ్ళు లేచాయండి! వాళ్ళనీ అనడానికి లేదు, ఉద్యోగం అని బుర్రకి గుర్తొచ్చేలోగా కాళ్ళు రెండడుగులు వేసేశాయి. రెండడుగులు పడ్డాక ఆగడం ఎవడి తరం కాదు. ఆగినవాడి మీద ఇల్లు పడుద్ది.

"స్తంభాలు! ఆగండి! స్తంభాలకి చెప్తున్నా!" అని జోగారావు గారు అరిచారు. కేకంటే అది కాదు కదండీ.

మంత్రిగారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. "శభాష్! నడిచే ఇల్లా? ఇది మీ పుస్తకంలో లేదే విశ్వంభరం గారూ!"

విశ్వంభరం గారి మొహం తెల్లకాయితం అయిపోయింది. ఒక్క క్షణం తడబడి, "తమరి కోసం ప్రత్యేకంగా, సార్. చలన ప్రదర్శన," అన్నారు. ఆ మాట నోట్లోంచి వచ్చేశాక ఇంకెలా ఆపుతారు? మేం గేటు దాటుతుంటే ఆయన కూడా చప్పట్లు కొట్టాల్సొచ్చింది.

రెండు మైళ్ళు ఒక్క బిగిని నడిచాం. నాలుగు రోడ్ల కూడలిలో పోలీసు మాకు దారిచ్చి సెల్యూట్ కూడా చేశాడు, పెళ్ళి ఊరేగింపో దేవుడి ఊరేగింపో తేల్చుకోలేక. రేవులో పంటు నడిపే సరంగు నోరు తెరిచాడు.

"ఏంటి భూషణం ఇది?"

"గవర్నమెంటు ఇల్లు. గవర్నమెంటు స్తంభాలు. తొందరగా పోనీ నాయనా, నీకు దణ్ణం పెడతాను."

ఆ గోదారి మధ్యలో నలభై మందీ పంటు మీద ఇల్లు మోస్తూనే నిలబడ్డారు. నాకు వాళ్ళ సున్నం పట్టీల వంక చూస్తే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తిట్టుకున్న తిట్లన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది.

లంకలో దిగేసరికి ఒడ్డు మా వసారాకి బారెడు దూరంలో ఉంది. ఆడాళ్ళు మా కప్పుని చేతుల్తో, నెత్తుల్తో, వీపుల్తో ఆపుతున్నారు. తాయారు మధ్యలో నిట్రాటని కౌగలించుకుని నిలబడింది.

"ఈ ఇల్లెక్కడ పెట్టమంటావు బావా?" అని అరిచాడు అబ్బులు.

"ఎక్కడో అక్కడ దించండ్రా! హో!"

ప్రభుత్వంవారి ఇంటిని ఒడ్డు మీదే పడేసి నలభై మందీ మా కప్పు కిందకి దూరారు. ఆడాళ్ళు రాటలు పీక్కుని తూర్పుకి పరిగెత్తారు. నేను కేకేశాను. ఇల్లు లేచింది. వంద అడుగులు వెయ్యకుండానే వెనకాల భూమి ఫెళ్ళుమంది. తిరిగి చూస్తే మా పొయ్యిగడ్డ ఉన్న చోటు, దాంతోపాటు నమూనా గృహం, మంత్రిగారు కత్తిరించిన రిబ్బను ముక్కతో సహా గోదాట్లోకి జారిపోయినయ్. కప్పు కాసేపు తేలింది. తర్వాత సుడిలో పడి ఒకటి రెండు చుట్లు తిరిగి సముద్రం దారి పట్టింది.

మా ఇల్లు తూర్పు మేట మీద రాటలెక్కి కూచుంది. తాయారు తడికలు కూడా కట్టకుండా ముందు పొయ్యి వెలిగించింది. నలభై మందికీ గంజి కాచి పోసింది. అబ్బులు గ్లాసందుకుంటుంటే, "ఉద్యోగం పోయినట్టేగా తమ్ముడూ," అంది.

"పోతే పోయింది అక్కా," అన్నాడు వాడు మెడ తిప్పుకుంటూ. "నాలుగు నెల్లయింది ఎటైనా నడిచి."

నాలుగోనాడు చినుకుల్లో విశ్వంభరం గారూ జోగారావు గారూ గొడుగు లేకుండా పంటు దిగారు. దస్త్రం మాత్రం ప్లాస్టిక్కు సంచిలో చుట్టి తెచ్చారు. నేను తీసుకెళ్ళి ఇల్లు పోయిన చోటు చూపించాను. జోగారావు గారు టేపు తీసి నీళ్ళవంక చూసి మళ్ళీ చుట్టేసుకున్నారు.

"వరదలో నమూనా గృహము నలుబది స్తంభములతో సహా కొట్టుకుపోయినది," అని డైరెక్టరు గారు రాయించారు.

"అయ్యా, స్తంభాలం మేం ఇక్కడే ఉన్నామండి," అన్నాడు అబ్బులు.

"రికార్డు ప్రకారం నువ్వు కొట్టుకుపోయావయ్యా," అన్నారాయన మర్యాదగానే. "నువ్వుంటే నలభై సంజాయిషీలు, విచారణ, రికవరీ. కొట్టుకుపోతే ఒక్క సంతాప తీర్మానం. నీకేది నయం?"

అబ్బులు కాసేపు ఆలోచించి, కొట్టుకుపోవడమే నయమన్నాడు.

అంతలో వాన పెరిగింది. ఇద్దరూ మా చూరు కింద ముడుచుకుని నిలబడితే తాయారు చూడలేకపోయింది. ఎంతైనా గుమ్మంలోకొచ్చిన మనుషులు కదండీ. "లోపలికి రండి బాబూ, తడిసిపోతున్నారు," అంది. స్టూలేసింది. డైరెక్టరు గారికి అల్లం దంచి టీ పెట్టిచ్చింది. ద్వీప శైలి మీద అంత పుస్తకం రాసిన మనిషి లంకలో ఇంటి లోపలికి రావడం అదే మొదలు.

ఆయన టీ ఊదుకుంటూ చుట్టూ చూశారు. పైకి చూశారు. కప్పు అక్కడే ఉంది, మోసేవాడెవడూ లేడు. కళ్ళజోడు సర్దుకుని, లేచెళ్ళి నల్లగా నిలబడ్డ తాటి రాటని వేలితో తట్టారు. చాలాసేపు దానివంకే చూశారు. నాకు ఆశ పుట్టిందండి, ఇప్పటికైనా అర్థమైందేమోనని.

"ఇవేమిటయ్యా?" అన్నారు.

"రాటలండి."

"ఎన్ని ఉన్నాయి?"

"పద్నాలుగండి."

"ఎందుకు?"

"ఇల్లు నిలబడ్డానికండి."

విశ్వంభరం గారు నిట్టూర్చారు. జోగారావు గారివైపు తిరిగి, "నోటీసు రాయి," అన్నారు. తర్వాత నావైపు తిరిగి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు మెత్తగా చెప్పారు. "ఇవి ఇక్కడ ఉండకూడదు నాయనా. శైలిని చెడగొడుతున్నాయి. వారం రోజుల్లో తీయించెయ్యి."

తాయారు వచ్చి, ఆయన చేతిలోంచి సగం తాగిన టీ గ్లాసు తీసేసుకుంది. "పంటు వెళ్ళిపోతోంది బాబూ, బయల్దేరండి," అంది.